శౌరెడ్డి తొడిగించిన రవిక

నేను ఒక తైలవర్ణ చిత్రాన్ని. పేరు ప్రేమ. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో పుట్టాను. సిలువ పట్టుకున్న విశ్వాసం, లంగరు పట్టుకున్న నిరీక్షణ నా అక్కచెల్లెళ్ళు. క్రైస్తవ సుగుణాలు మూడింటిలో నాదే పెద్దపీట. నా ఒళ్ళో ముగ్గురు పిల్లలు. చిన్నవాడు పాలు తాగుతుంటాడు. నన్ను గీయించుకున్న ప్రభువు బిచ్చగాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. ప్రేమ గోడమీద వేలాడుతుంటే ఇక మనిషిలో ఎందుకనుకున్నాడు కాబోలు.

తరవాతెప్పుడో ఒక క్రైస్తవ గురువు నన్ను చుట్టచుట్టి, ఓడెక్కించి, గుంటూరు వైపు ఒక పల్లెలోని ఏసు గుడికి తెచ్చాడు. ఇక్కడ మిరపకోతల కూలి సలోమి సరిగ్గా నా కిందే కూర్చుని, పూజ సాగినంతసేపూ చంటిబిడ్డకు పాలిచ్చేది. ఎంత హాయిగా ఉండేదో నాకు!

గుడి పెద్ద శౌరెడ్డికి మా ఇద్దరినీ చూస్తే ఒళ్ళుమంట.

"గుళ్ళో ఇదేం పనే? అవతల కూర్చో పో," అన్నాడు సలోమితో.

"ఎండ మండిపోతంది. బిడ్డకు వడదెబ్బ తగులుద్దయ్యా."

"గోడ పక్కన నీడుంటదిలే!"

నీడా లేదు, పాడూ లేదు. నన్ను తరమలేడు గనక నాకు రవిక తొడగమన్నాడు. పండగ ఎల్లుండే. నూనెరంగు అప్పటికి ఆరదని, బోర్డులు రాసే ప్రకాశం పొడిరంగును బంకనీళ్ళలో కలిపి ఎర్రరవిక పూసేశాడు. పాపం, నా బుడ్డోడు గుడ్డ నమలసాగాడు. శౌరెడ్డి అంతటితో ఊరుకున్నాడా? బాగుచేసిన పటాన్ని మళ్ళీ ఆశీర్వదించాల్సిందేనంటూ, పండగకొచ్చిన బిషప్పుగారిని నా ముందు నిలబెట్టాడు.

ఆయనది ధారాళమైన చెయ్యి. పవిత్ర జలం మూడుసార్లు చల్లారు. ఇంకేముంది! రవిక కరిగి గోడవెంట కారింది. శౌరెడ్డి కంగారుగా కండువాతో తుడవబోతే మిగిలింది కూడా ఊడొచ్చింది. జనం కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగాక బయట పసిబిడ్డ గుక్కపట్టిన ఏడుపు వినిపించింది.

"ఎవరా బిడ్డ?" అన్నారు బిషప్పుగారు.

"కూలిమనిషి బిడ్డండి. లోపల పాలిస్తందని బయట కూర్చోబెట్టాం."

ఆయన తలెత్తి నన్ను చూశారు. "మరి ఈవిడ చేస్తున్నదేంటి శౌరెడ్డిగారూ? ముందు ఆ తల్లిని లోపలికి పిలవండి."

సలోమి వచ్చి తన చోటులో కూర్చుంది. బిషప్పుగారి కారు ఊరు దాటిందో లేదో, శౌరెడ్డి నాకు తెర కట్టించాడు. ఇప్పుడు నాకేమీ కనబడదు. ఆదివారాలు కిందనుంచి బిడ్డ గుటకలు మాత్రం వినబడతాయి. మొదట్లో ఉక్రోషం వచ్చింది, దాచడమెందుకు! పోనీలెండి. ఇద్దరిలో ఒకరిని దాచక తప్పదంటే, బొమ్మను దాచడమే న్యాయం.