బస్సు గైడు కావాలనుకున్న టీచరు

ఇరవై ఎనిమిదేళ్లుగా నేను ఇంగ్లీషు టీచరుని. ఇంగ్లీషు మాట్లాడటం మాత్రం నాకు రాదు. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. పాఠం చదివిస్తాను, వ్యాకరణం నూరిపోస్తాను, సంభాషణ వస్తే సీడీ పెడతాను. జపాన్‌లో, నీగతా కొండల్లో ఉన్న మా బడికి ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఎవరొస్తారులే అని నా ధీమా.

పోయిన సెప్టెంబరులో లీజెల్ వచ్చిపడింది. ఫిలిప్పీన్స్ పిల్ల, సెబూలో కాలేజీ మూడో ఏడు. ఆర్నెల్లు మా పిల్లలకి ఇంగ్లీషు చెప్పాలి, తను జపనీస్ నేర్చుకోవాలి, చివర్లో కాలేజీకి నివేదిక ఇచ్చుకోవాలి. తీసుకొచ్చి నా పక్క బల్లే ఇచ్చారు.

మొదటిరోజు స్టాఫ్ మీటింగులో లేచి జపనీస్‌లో మాట్లాడబోయి, మా ప్రిన్సిపాల్ గారిని చంటిపిల్లాణ్ణి పలకరించినట్టు పలకరించింది. గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా తనే నవ్వింది. ఈ పిల్లకి సిగ్గూ ఎగ్గూ లేవా అనుకున్నాను.

క్లాసులోనూ అదే తంతు. రోజూ మొదటి ఐదు నిమిషాలు, నిన్న తనేం చేసిందో తప్పులతడక జపనీస్‌లో చెప్పేది. పిల్లలు దిద్దేవాళ్లు. దిద్దిన ప్రతివాళ్లకీ నడుం వంచి నమస్కరించేది. ఆపైన, ఇప్పుడు మీ వంతు, ఇంగ్లీషులో చెప్పండి అనేది. పిలిస్తే గాని పలకని నా పిల్లలు ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ వాగడం మొదలెట్టారు. చివరి వరసలో నగుమో అనే అమ్మాయి ఉంది. ఏడాదిన్నరలో ఆ పిల్ల గొంతు నేను హాజరు వేసేటప్పుడే విన్నాను. ఆమె కూడా మాట్లాడుతోంది. నేను సంతోషించాలి కదా, ఒళ్లు మండింది. లీజెల్ నావైపు చూస్తే చాలు, సుద్దముక్క వెతుక్కునేదాన్ని.

నవంబరులో చుట్టుపక్కల పన్నెండు బడుల ఇంగ్లీషు టీచర్లు మా పాఠం చూడటానికి వస్తారని కబురొచ్చింది. పాఠమంతా ఇంగ్లీషులోనే జరగాలట. నాకు అన్నం సహించలేదు. ఇన్నేళ్ల గుట్టు అందరి ముందూ రట్టవుతుంది. ఆలోచించి ఆలోచించి నిమిషాల వారీగా పథకం రాశాను. మాటలన్నీ లీజెల్‌వి, రాతంతా నాది. లీజెల్ అది చదివి, మీరెప్పుడు మాట్లాడతారు టీచర్ అని అడిగింది. బోర్డు పని చాలా ఉందమ్మా అని తప్పించుకున్నాను.

ఆరోజు వానలో మంచు కలిసి పడుతోంది. వచ్చినవాళ్లు బూట్లు కింద విప్పి, బడిలో అతిథులకిచ్చే చెప్పులు టపటపలాడించుకుంటూ గది వెనకా, వరండాలోనూ కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. అరగంట సాఫీగా నడిచింది. అప్పుడు నగుమో చెయ్యెత్తి, లీజెల్‌ని కాదు, నన్ను అడిగింది, ఇంగ్లీషులో.

"టీచర్, మా ఈడప్పుడు మీరు ఏమవాలనుకున్నారు?"

పథకంలో లేని ప్రశ్న. జవాబు నాకు తెలుసు, ఇంగ్లీషులో రాదు. లీజెల్ అందుకుని గట్టెక్కిస్తుందని చూశాను. తను కదల్లేదు. పిల్లలు దిద్దుతారని రోజూ ఎలా ఎదురుచూసేదో అలాగే నాకోసం ఎదురుచూసింది.

"నేను... బస్సు..." అన్నాను ఇంగ్లీషులో. అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది. పరువు ఎలాగూ పోయింది, ఇంక దాచేదేముంది అనిపించింది. "నాకు రావడం లేదు. కాస్త సాయం చెయ్యండి."

పిల్లలు ఎగబడ్డారు. డ్రైవరా, టికెట్లు ఇచ్చేవాళ్లా అని ఒకటే గోల. కాదు కాదంటూ గుప్పిట మైకులా పట్టుకుని, కిటికీలోంచి కొండ చూపించాను. గైడు అంది నగుమో. మరి ఎందుకు అవలేదని ఇంకొకరు. నలుగురిలో మాట్లాడాలంటే భయం అని చెప్పాను, నేను ముక్కలు ఇస్తుంటే వాళ్లు అతుకుతుంటే. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. దిద్దినవాళ్లందరికీ నడుం వంచాను. గంట కొట్టేసరికి పథకంలో సగం అలాగే మిగిలిపోయింది.

తర్వాత సమీక్షలో విద్యాశాఖ పెద్దమనిషి నా తప్పులు రెండు పేజీలు చదివాడు. ఇంకోసారైతే వారం రోజులు కుమిలిపోయేదాన్ని. ఆరోజు బుద్ధిగా రాసుకున్నాను. ఎంతైనా అవి నా సొంత మాటల్లోని తప్పులు.

అందరూ లేచాక లీజెల్ దగ్గరికి వెళ్లాను. "నిన్ను చూసి రెండు నెలలు కుళ్లుకున్నానమ్మా. నువ్వు రాకపోతే ఇలాగే రిటైరయ్యేదాన్ని. నీ మేలు మర్చిపోను."

తను కళ్లు తుడుచుకుంటూ, వచ్చీరాని జపనీస్‌లో, పిల్లలు మీకు ఎప్పటినుంచో సాయం చెయ్యాలనుకుంటున్నారు టీచర్ అంది.

అతిథుల్ని సాగనంపడానికి కిందికి దిగాను. బూట్ల అర దగ్గర పక్క లోయ బడిలో ఇంగ్లీషు చెప్పే ఉసామి గారు ఒక్కరే మిగిలారు, నాకంటే పెద్దాయన. అటూ ఇటూ చూసి, ఆ అమ్మాయిని గురువారాలు మా బడికి పంపడం కుదురుతుందా అని మెల్లగా అడిగారు. మీ పిల్లలకి బాగానే ఉపయోగపడుతుంది, ప్రిన్సిపాల్ గారిని అడుగుతానన్నాను. ఆయన వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఎంతకీ తలెత్తలేదు.

"పిల్లలకి కాదండీ, నాకు. మార్చితో నా సర్వీసు అయిపోతుంది."