పొయ్యి నోటి కొలత

కొత్త పొయ్యి కట్టించిన మొదటి వారంలో, ఇక వంటగది గోడలకు సున్నం వేయించవచ్చునన్న ధైర్యం కలిగింది ఆ ఇంటి అత్తగారికి. పొగంతా గొట్టం గుండా కప్పు దాటి పోయేది. నలభై ఏళ్ళుగా తనతో కాపురం చేసిన దగ్గు పుట్టింటికి వెళ్ళినట్టే వెళ్ళిపోయింది. రెండవ వారంలో పొగ తిరిగివచ్చింది. దగ్గు కూడా మూటాముల్లె సర్దుకుని వెంటనే దిగింది.

కారణం ఆమెకు తెలుసు. ఆ పొయ్యిలో సన్నగా చీల్చిన కట్టెలే పెట్టాలి. చీల్చమంటే భర్త నడుము పట్టుకునేవాడు. విసిగిపోయి, ఒక మధ్యాహ్నం కోడలు బట్టలు ఉతకడానికి వెళ్ళిన అదను చూసి, కత్తి వెనుకవైపుతో పొయ్యి నోటిని చుట్టూ చెక్కి, తడిమట్టితో నున్నగా అలికేసింది. ఆపైన ఎంత మొద్దయినా ఇట్టే దూరింది.

ఇదేమీ తెలియని కోడలు, పొయ్యి కట్టిన మనిషికి కబురు పంపింది. ఆమెను అందరూ పొయ్యిలమ్మ అనేవారు. ఆమె వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. తామూ అలాంటివే కట్టించుకోవాలనుకుని, ఈ పొగ సంగతి విని ఆగినవారు. ఆ నెలలో పొయ్యిలమ్మ చేతిలో ఉన్న పనల్లా ఆ మూడిళ్ళదే.

మామగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పొగ రాని పొయ్యి అన్నావు. ఆ మాట మా ఇంటి పొగతో చెప్పడం మరిచిపోయావా అమ్మాయ్?" అన్నాడు.

పొయ్యిలమ్మ వంగి పొయ్యి నోటికి జాన పెట్టి చూసింది. జానెడు వెడల్పున కట్టిన నోరు ఇప్పుడు జానా నాలుగు వేళ్ళు. అంచున మట్టి రంగు వేరు. తలెత్తి అత్తగారి వైపు ఒక్క క్షణం చూసింది.

నోరు పెద్దదైతే చల్లగాలి ఎక్కువగా దూరి, పొగ గొట్టంలోకి పోకుండా వెనక్కు తంతుందని అందరికీ వివరించి, "నా కొలతే తప్పి ఉంటుంది పెద్దమ్మా. సరిచేసి వెళ్తాను," అంది పొయ్యిలమ్మ.

పక్కింటావిడ పెదవి విరిచింది. ఆ ఒక్క విరుపుతో మూడు పొయ్యిలూ కూలిపోతున్నాయని అత్తగారికి అర్థమైంది. ఒప్పుకుంటే కోడలి ముందు తల కొట్టేసినట్టవుతుంది. ఊరుకుంటే, తన పరువు దక్కించిన పాపానికి ఆ పిల్ల నోటి దగ్గర కూడు పోతుంది.

"నీ కొలత తప్పడమేమిటే," అంది చివరికి. "మొద్దులు పట్టడం లేదని నేనే కత్తితో చెక్కాను. మీ పెదనాన్న ఒక్క కట్టె చీల్చి ఉంటే నాకీ ఖర్మ పట్టేదా?"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామగారికి ఉన్నట్టుండి వీధిలో చూడవలసిన దృశ్యమేదో కనిపించింది.

"అయితే, చెక్కకముందు పొగ రాలేదా వదినా?" అని పక్కింటావిడ ఆరా తీసింది.

"రవ్వంత కూడా లేదు. దగ్గితే ఒట్టు."

ఆ మాటతో, ముందు ఎవరింట్లో కట్టాలన్న విషయమై ముగ్గురూ అక్కడికక్కడే వాదులాటకు దిగారు. పొయ్యిలమ్మ నవ్వుతూ మట్టి కలిపి, ఇటుక ముక్క అందుకుని, జాన చాచబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పక్కకు తోసి తన చెయ్యి పెట్టింది.

"ఈసారి నా జానకు కట్టు. మళ్ళీ బుద్ధి పుడితే నా చెయ్యే అడ్డం వస్తుంది."

ఆమె జాన పొయ్యిలమ్మ జానకన్నా ఒక వేలెడు చిన్నది. పనికి అదే మరీ మేలంది పొయ్యిలమ్మ.

"అంటే, కట్టెలు ఇంకా సన్నగా చీల్చాలా?" అన్నాడు మామగారు గుమ్మంలోంచి.

కోడలు లోపలికి వెళ్ళి గొడ్డలి తెచ్చి, ఎంతో మర్యాదగా, ఆయన కుర్చీ పక్కన ఆనించింది.