ఇద్దరూ రావాలి

మిరియం పెళ్ళి పలాస దగ్గర ఒక చిన్న బాప్టిస్టు చర్చిలో జరిగినప్పుడు, పిలవని ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. పెళ్ళికొడుకుది నైజీరియా. పేరు ఒలుమిడే. విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదవడానికి స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఉద్దానంలో బావుల నీళ్ళు పరీక్షించే పనిలో పడ్డాడు. ఊరూరా మనుషులకు కిడ్నీలు ఎందుకు పాడైపోతున్నాయో ఎవరికీ అంతుపట్టని రోజులవి. మిరియం మిషన్ క్లినిక్‌లో నర్సు. ఆమె ఏ ఊళ్ళో జనం దగ్గర రక్తం తీసుకునేదో, ఆ ఊరి బావిలో నీళ్ళు అతను సీసాల్లో పట్టుకునేవాడు. ఇద్దరూ ఒకే జీపులో తిరిగారు. చాలాకాలం నీళ్ళ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఒలుమిడే తెలుగు నేర్చుకున్నది బావుల దగ్గర ఆడవాళ్ళ నుంచి. అందుకే విశాఖలో మాస్టార్లను కూడా "ఏటి సేత్తన్నారండి" అని పలకరించేవాడు. వాళ్ళు నవ్వితే, తప్పేమిటో అతనికి తెలిసేది కాదు. మిరియం తండ్రి బర్నబా పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని చేసేవాడు. ఈ సంబంధానికి మొదట ఆయన ఒప్పుకోలేదు. ఒకనాడు ఒలుమిడే బట్టీకి వచ్చి, పొగలో ఆయన పక్కన కూర్చుని, "మావా, మా ఊళ్ళో కూడా జీడి తోటలున్నాయి" అన్నాడు. బర్నబాకి కాదనడానికి మరేమీ తోచలేదు.

పెళ్ళయిన మూడో ఏట, చదువు పూర్తయ్యే సమయానికి, ఒలుమిడే తల్లి చనిపోయిందని ఫోను వచ్చింది. అతను పెద్దకొడుకు. సమాధి కార్యక్రమానికి అతను లేకుండా కుదరదు. స్టూడెంట్ వీసా గడువు అయిపోవస్తోంది. "పరవాలేదు, అక్కడ కొత్త వీసా తీసుకుని వచ్చేస్తాను" అన్నాడు. వీసా అంటే రైలు టిక్కెట్టు లాంటిదే అనుకున్నారు అందరూ. ఒకటి అయిపోతే ఇంకొకటి కొనుక్కోవడమే.

మిరియం తల్లి మార్తమ్మ స్టేషన్‌కి వచ్చి, అల్లుడి చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టింది. "మీ అమ్మ కాడికి వచ్చినోళ్ళకి పెట్టు బాబూ. మేం రాలేకపోనాం అని సెప్పు."

అతను వెళ్ళాక మిరియానికి తెలిసింది, తనకు నెల తప్పిందని.

తల్లి కార్యక్రమాలు ముగించుకుని ఒలుమిడే లాగోస్ వెళ్ళి టూరిస్టు వీసాకి పెట్టాడు. ఉన్నదున్నట్టు రాశాడు: భార్య ఇండియాలో ఉంది, ఆమె దగ్గరికి వెళ్తున్నాను. అక్కడి మన వీసా ఆఫీసు కౌంటర్‌లో కూర్చున్నాయన మర్యాదగానే కాగితాలు వెనక్కి ఇచ్చాడు. భార్యతో కాపురం చెయ్యడానికి వెళ్ళేవాడు టూరిస్టు కాదు. చదువు అయిపోయింది కాబట్టి స్టూడెంటూ కాదు. ఉద్యోగం ఏదీ లేదు కాబట్టి ఉద్యోగ వీసా లేదు. భారతీయురాలి భర్తగా ఎంట్రీ వీసాకి పెట్టుకోవాలి. దానికి పెళ్ళి రిజిస్టరైనట్టు సర్టిఫికెట్ కావాలి.

"చర్చిలో ఇచ్చిన కాగితం ఉంది కదా?" అంది మిరియం ఫోనులో.

"అది చూపించాను. ప్రభుత్వం ఇచ్చింది కావాలంట."

ఆ కాగితం మీద సంతకం చేసిన పాస్టరు అయ్యగారు కిందటేడే చనిపోయారు. నలభై ఏళ్ళు సంఘాన్ని నడిపిన మనిషి. తన చేతుల మీదుగా బాప్తిస్మం ఇచ్చిన పిల్లలకు తన చేతుల మీదుగానే పెళ్ళిళ్ళు చేశారు. పెళ్ళి జరిపించడానికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఒకటి ఉంటుందని, అది లేకుండా చేసిన పెళ్ళి ప్రభుత్వం లెక్కలోకి రాదని, అది ఆయన ఎన్నడూ తీసుకోలేదని అప్పటిదాకా సంఘంలో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

మిరియం తండ్రిని తీసుకుని టెక్కలిలో రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళింది. పెళ్ళి ఫొటోలు, చర్చి కాగితం, అతని పాసుపోర్టు జిరాక్సు, సాక్షిగా క్లినిక్ డాక్టరుగారి సంతకం, అన్నీ సంచిలో సర్దుకుంది. రిజిస్ట్రారు పెద్దాయన. ఫొటోలన్నీ ఓపికగా చూశాడు.

"పెళ్ళి జరిగిందని నాకేమీ అనుమానం లేదమ్మా. కానీ రిజిస్టరు చెయ్యాలంటే ఇద్దరూ రావాలి. ఇద్దరూ నా ఎదుట సంతకం పెట్టాలి."

"ఆయన నైజీరియాలో ఉన్నారండి. రావడానికే ఈ సర్టిఫికెట్ కావాలి."

"రానివ్వండి. వచ్చాక వెంటనే చేసేస్తాను. ఒక్క రోజు కూడా తిప్పను."

మిరియం మళ్ళీ చెప్పింది. సర్టిఫికెట్ ఉంటేనే వీసా ఇస్తారు, వీసా ఉంటేనే ఆయన రాగలరు అని. రిజిస్ట్రారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అర్థమైంది. అర్థం కావడం వల్ల ఒరిగిందేమీ లేదు. "నా చేతిలో లేదమ్మా" అన్నాడు. బర్నబా ముందుకు వంగి, "బాబూ, నాను తండ్రిని. సంఘమంతా సూసింది. నాను సంతకం ఎడతాను ఆయన బదులు" అన్నాడు.

"మీరు పెళ్ళికొడుకు కాదు కదండీ."

అవమానించాలని అన్న మాట కాదు అది. అయినా బర్నబా బస్సు దిగేదాకా తలెత్తలేదు.

ఒలుమిడే రాలేకపోతే తనే వెళ్ళొచ్చనుకుంది మిరియం. పాసుపోర్టు తీసుకుంది. నైజీరియా విజిటర్ వీసాకి ఒలుమిడే పిలుపు ఉత్తరం పంపిస్తే సరిపోతుందన్నారు. దాంతోపాటు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు కార్డు ఉండాలి. ఆ మాట చదవగానే మిరియం కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరినీ అడగక్కరలేదు, తను నర్సు. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ టీకా వెయ్యరు. బ్రతికున్న క్రిమితో చేసిన టీకా అది. అయినా డాక్టరుగారిని అడిగింది. ఆయన తలడ్డంగా ఊపి, "నీకు తెలీదా?" అన్నారు. తెలుసు. ఇంకెవరైనా వేరే మాట చెబుతారేమోనని అడిగింది, అంతే.

కాశీబుగ్గలో ఢిల్లీశ్వరరావు అనే ఆయన దుకాణం ఉంది. భావనపాడు, నౌపడ వైపు కుర్రాళ్ళను గల్ఫ్‌కి పంపుతుంటాడు. జిరాక్సు, ఇంటర్నెట్, పాసుపోర్టు ఫొటోలు అన్నీ అక్కడే. నెలలు నిండుతున్న మిరియం తండ్రితో వచ్చేసరికి లేచి కుర్చీ వేశాడు. అంతా విన్నాడు.

"సెల్లీ, నువ్వు నిజం రాయించినావు. అదే తప్పయిపోనాది. మళ్ళీ టూరిస్టుకే ఎట్టమను. పెళ్ళి కాలేదని రాయమను. తాజ్‌మహల్ సూడ్డానికి ఎల్తన్నాను అని రాయమను. దిగినాక మీ ఇద్దరూ టెక్కలి ఎల్లి సంతకాలు ఎట్టీసుకుంటారు."

"మొన్న పెట్టిన కాగితంలో పెళ్ళయిందని రాశారు కదా?"

"అది ఎనక్కిచ్చీసినారు కదా. ఎవుడు సూత్తాడు పాతది?"

బర్నబా మధ్యలో అందుకున్నాడు. "పెళ్ళి కాలేదని రాయడమేటి? సంఘం ముందర, దేవుడి ముందర సేసిన పెళ్ళి. అది కాదని రాత్తే మరి నా కూతురు, మా గుంట, ఏటవుద్ది?"

"మావా, అది వీసా కాగితం. బైబిలు కాదు."

ఇంటికొచ్చాక రెండు రోజులు తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. మూడో రోజు మిరియం పెరట్లోకి వెళ్ళి, కొబ్బరిచెట్టుకు ఆనుకుని ఒలుమిడేకి ఫోను చేసింది. విషయం చెప్పింది.

"నువ్వు లేవని రాయాలా?" అన్నాడు అతను.

"కాగితం మీద నాను లేకపోతే ఏటి? ఇక్కడ ఉన్నాను కదా."

"నాకు భయంగా ఉంది మిరియం."

"నాకు భయం లేదేటి? కాన్పు దగ్గరకొచ్చీసింది. నాకు ఇంకో దారి కనిపించట్లేదు. రాసీ."

భర్తతో ఇంటి యాసలో మాట్లాడడం ఆమెకు కోపం వచ్చినప్పుడో, ఏడుపు వచ్చినప్పుడో మాత్రమే. అతనికి ఆ తేడా తెలుసు. రాశాడు.

కౌంటర్‌లో ఈసారి వేరే ఆయన ఉన్నాడు. కంప్యూటర్‌లో చూసి, లోపలికి వెళ్ళి, పాత దరఖాస్తు ప్రతి తెచ్చి పక్కన పెట్టాడు. మొదటిదాంట్లో వివాహితుడు. రెండోదాంట్లో అవివాహితుడు. ఏది నిజమని అడిగాడు. ఒలుమిడే మొదటిదే నిజమన్నాడు. అయితే రెండోది అబద్ధమని ఒప్పుకున్నట్టే కదా అన్నాడాయన. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు దరఖాస్తు తిరస్కరించి, ఇక కొన్నేళ్ళ వరకు మళ్ళీ పెట్టడానికి వీల్లేదన్నారు.

ఆ సంగతి చెప్పడానికి ఒలుమిడే ఫోను చేసినప్పుడు ఆమె మీద ఒక్క మాట కూడా పడనివ్వలేదు. "నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను" అన్నాడు. అతను అలా అనకుండా ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. తిట్టి ఉంటే ఏడవడానికి వీలయ్యేది. ఫోను పెట్టేసి లోపలికి వచ్చి, తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, నానే రాయమన్నాను. నువ్వు వద్దన్నావు."

బర్నబా ఆమెను చూడలేదు. జీడిపిక్కల రసానికి తోలు ఊడిపోయిన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "నాను వద్దన్నది దేవుడికి భయపడి. ఇలగవుతాదని నాకు మాత్రం తెలుసేటి? వద్దన్నోడి కాడ కూడా దారి లేదు కదమ్మా" అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. ఒలుమిడే వాళ్ళ భాషలో, అమ్మమ్మో నాయనమ్మో పోయాక ఇంట్లో పుట్టిన ఆడపిల్లను యెతుండే అంటారు. అమ్మ తిరిగి వచ్చింది అని అర్థం. ఆ పేరు పెట్టమని ఫోనులో చెప్పాడు. మిరియం ఫోను బిడ్డ నోటి దగ్గర పెట్టింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే అతను అవతల తన భాషలో ఏదో పాడాడు. బిడ్డకు వినబడిందో లేదో తెలియదు. మార్తమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకుంది. పేరు ఆమెకు నోరు తిరగలేదు. "ఎత్తుండే, ఎత్తుండే" అనేది. ఎత్తుకునే పిల్ల కదా, అదే బాగుందిలే అని నవ్వేవారు ఇరుగుపొరుగు.

బిడ్డ పాలు మరిచాక మిరియం టీకా వేయించుకోవచ్చు. తను వెళ్ళొచ్చు. అప్పుడు మళ్ళీ వివరాలు కనుక్కుంది. బిడ్డకు పాసుపోర్టు కావాలంటే తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం చెయ్యాలి. తండ్రి విదేశంలో ఉంటే అక్కడి మన ఆఫీసులో సంతకానికి ధ్రువీకరణ తీసుకోవాలి. ఒలుమిడే అక్కడికి వెళ్తే, బిడ్డ తల్లికీ మీకూ పెళ్ళయినట్టు సర్టిఫికెట్ చూపించండి అన్నారు. అతను ఆ మాట ఫోనులో చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు మిరియానికి నచ్చలేదు. అతను ఎన్నడూ అలా నవ్విన మనిషి కాదు.

బిడ్డను మార్తమ్మ దగ్గర వదిలి ఒక్కతే వెళ్ళొచ్చా అని ఆలోచించింది. వెళ్తే మళ్ళీ తిరిగి రావాలి. బిడ్డ ఇక్కడుండగా రాకుండా ఉండడం కుదరదు. అతను వెంట రాలేడు కాబట్టి, వచ్చాక ఇప్పటిలాగే ఉంటుంది. ఆ ఆలోచనను ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ క్లినిక్ పనిలో చేరింది. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళకు జీపులో వెళ్ళి రక్తం తీసుకుంటోంది. "మీ ఆయనేటి, నీళ్ళ సీసాలాయన, ఇంకా రాలేదేటమ్మా?" అని అడిగేవారు ముసలివాళ్ళు. "వత్తారు" అనేది. సూది గుచ్చేముందు చెయ్యి బిగించమని చెప్పి తలొంచుకునేది.

లాగోస్‌లో అతను ఒక బోర్లు తవ్వే కంపెనీలో చేరాడు. ఆదివారాలు మధ్యాహ్నం, చర్చి అయ్యాక ఫోను చేస్తాడు. మొదట్లో ఆ మాటలన్నీ కాగితాల గురించే. ఎవరిని కలిశాను, ఏం చెప్పారు, ఇంకా ఏం కావాలి. రానురాను చెప్పడానికి కొత్త కాగితం ఏదీ లేకుండా పోయింది. ఒక ఆదివారం ఫోనులో ఉండగా బిడ్డ నేలమీద పాకుతూ గిన్నె దొర్లించింది. చప్పుడు అతనికీ వినిపించింది.

"ఏటి కూర వండినావు?" అన్నాడు.

"నెత్తళ్ళు. వంకాయేసి."

"ఎలా వండినావో సెప్పు."

ఎలా వండిందో అతనికి తెలుసు. చాలాసార్లు తిన్నాడు. అయినా మిరియం చెప్పడం మొదలుపెట్టింది. ఆ చిన్న ఎండుచేపలు ముందుగా వేడినీళ్ళలో వేసి కడిగానని, తలలు తీసేశానని, చింతపండు కాస్త ఎక్కువైందని, అమ్మ కారం తక్కువ వెయ్యమంటే వినలేదని. అతను మధ్యలో ఊఁ కొడుతూనే ఉన్నాడు.