పోతురాజు మెడికల్ ఫారం

నడుం పోయిందని పింఛను తీసుకుంటున్న పోతురాజు మళ్లీ హెలికాప్టరు తోల్తాడట, చోద్యం కాకపోతే ఏమిటని పక్కింటి వెంకాయమ్మ చేపల గంప దించకుండానే అన్నదట. భార్గవి ఆ మాట మొగుడికి చెప్పి నవ్వింది.

పోతురాజు నవ్వలేదు. ఎయిర్‌ఫోర్సులో నడుం దెబ్బతిని దిగిపోయిన మనిషి. రెండేళ్లు భార్గవి దగ్గరుండి వ్యాయామాలు చేయించాక నొప్పి చాలావరకు తగ్గింది. సముద్రంలో చమురు బావులకు మనుషుల్ని చేరవేసే ఉద్యోగం ఉందన్నారు. దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ఫారంలో 'వైకల్య పింఛను వస్తోందా?' అన్నచోట పెన్ను ఆగింది.

"లేదని రాసేస్తే పోలా?" అన్నాడు.

వల అల్లుతున్న తండ్రి గంగరాజు తలెత్తాడు. హంసలదీవిలో ఆయన పడవ ఎక్కాలంటే ఎవరికెక్కడ నొప్పో ముందే చెప్పాలి. దాన్నిబట్టే ఒకడికి వల తాడు, ఒకడికి చుక్కాని అప్పగిస్తాడు.

"నిజం రాస్తే ఎగరనివ్వరనా, అబ్బాయ్?"

"అవును నాన్నా. మళ్లీ ఇట్టాంటి అవకాశం రాదు."

భార్గవి మొగుడి వీపు మీద చెయ్యి వేసింది. గంగరాజు వల పక్కన పెట్టాడు.

"నొప్పి దాచినోణ్ణి నేను పడవే ఎక్కనివ్వను. నువ్వు జనాన్ని ఎక్కించుకుని గాల్లోకి పోతానంటున్నావు."