విడిగా పెట్టిన గ్లాసు

పలాస జీడిపిక్కల షెడ్డులో నారాయణమ్మ కాలితో పెడలు తొక్కి, చేత్తో మీట నొక్కింది. పిక్క రెండుగా చీలింది. జీడిసొన అంటకుండా రోజూ వేళ్లకు నూనె, బూడిద రాసుకున్నా, ముప్పై ఏళ్లలో బొటనవేలు నల్లగా మాడిపోయింది. నడుము లాగేస్తోంది. కుచ్చెళ్లు సర్దుకుని మరో పిక్క అందుకుంది.

మధ్యాహ్నం నర్సు నీలవేణి వచ్చింది.

"రేపు ఆసుపత్రిలో ఆడోళ్లకి గర్భసంచి పరీక్ష, పిన్నీ. అయిదు నిమిషాల పని."

"మైల్లో ఉన్నానమ్మా. తేరినాక వస్తాను."

నీలవేణి సరేనని పక్క షెడ్డుకు వెళ్లిపోయింది. ఎదుట కూర్చున్న జగ్గమ్మ పగలబడి నవ్వింది.

"ఆగిపోయి ఏడేళ్లయినాది కదే! మళ్లీ పడుసుదానివైపోతన్నావేటి? మనవరాలి కంటే ముందు నీకే సంబంధం సూడాల!"

షెడ్డంతా నవ్వింది. నారాయణమ్మ కూడా నవ్వింది. ఒంట్లో వేడి చేసి ఉంటుందనుకుంది. మైల మూడు రోజుల్లో తేరాలి. ఆమెకిది పంతొమ్మిదో రోజు.

సాయంత్రం ఇంటికొచ్చి, లోపలికి వెళ్లకుండా వసారా మూలన కూలబడింది. మనవరాలు కుమారి, తొమ్మిదో తరగతి పిల్ల, తగలకుండా చెంబు ఎత్తి పట్టుకుని ఆమె సత్తు గ్లాసులో నీళ్లు పోసింది.

"మామ్మా, బళ్లో టీకా ఏస్తారంట. నాన్న సంతకం పెట్టీసినాడు."

"ఏటికే?"

"ఏదో వైరస్సంట. సానామందికి వస్తాది, దానంతటదే పోతాది. కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోయి, గర్భసంచి మూతికాడ కేన్సరవుతాదంట. ముట్టాగిపోయినోళ్లకి మళ్లీ రక్తం కనబడితే..."

"కనబడితే?"

"ఎంటనే సూపించుకోవాలంట."

నారాయణమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వు ఏయించుకో, తల్లీ."

"మరి నువ్వో?"

"మైల తేరనీయే. ఇలాగ ఆ నర్సమ్మ ముందర ఎలాగ పడుకుంటాను? ఎవురికీ సెప్పకు."

నీలవేణి ఇల్లు రెండు వీధుల అవతలే. కుమారి చెప్పులు తొడుక్కుంది. గుమ్మం దాటాక, ఏమని చెప్పాలో తెలియక సిగ్గేసింది. చెప్పులు విడిచేసి, పుస్తకం ముందు కూర్చుంది.

దసరా వెళ్లాక నారాయణమ్మ వీధిలో పడిపోతే శ్రీకాకుళం తీసుకెళ్లారు. చాలా ఆలస్యమైందన్నారు డాక్టర్లు. మాఘమాసంలో ఒక ఉదయం, ఎప్పుడూ షెడ్డుకు బయల్దేరే వేళకు, ఆమె నిద్రలోనే పోయింది. అప్పటికి కుమారికి టీకా వేసి నాలుగు నెలలు.

వసారా మూల సత్తు గ్లాసు బోర్లించి ఉంది. ఎవరూ దాన్ని లోపలికి తేలేదు. అంచు దగ్గర, జీడిసొనతో పడిన నల్లటి బొటనవేలి ముద్ర అలాగే ఉంది.