లైను వదలండి, దరఖాస్తు వెళ్తోంది

సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. లైబ్రరీలో సహాయకురాలి ఉద్యోగం ఒకటి పడింది. మా ఆవిడకి ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. అందుకే భోజనం కాగానే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. వెబ్‌సైట్లో దరఖాస్తు నింపి పంపడం నా వంతు. బతుకంతా చేసిందదే కదా.

ఒకప్పుడు నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వరసగా చెక్క గదులు, వాటికి పూల పరదాలు, అన్నిటికీ కలిపి ఒకే ఫోన్ లైను. ఎవరి దరఖాస్తయినా నింపడం పూర్తయితే, "లైను వదలండి, దరఖాస్తు వెళ్తోంది" అని కేకేసేవాణ్ణి. అంతే, పరదాల వెనక అందరూ మౌస్ మీంచి చేతులు తీసేసేవాళ్లు. అమ్మాయితో చాటింగ్‌లో మునిగిన కుర్రాడు కూడా. బటన్ నొక్కగానే పేజీ తెల్లగా అయిపోయేది. పేరు, ఊరు, చదువు అన్నీ మూటగట్టుకుని బ్రౌజరు అవతలి సర్వర్ దగ్గరికి బయల్దేరేది. అక్కడో ప్రోగ్రాం ఆ మూట విప్పి చూసుకుని, అందిందని కొత్త పేజీ పంపేది. అది పైనుంచి మెల్లగా దిగుతుంటే, ముక్కూ మొహం తెలియని మనిషి కోసం సెంటరంతా ఊపిరి బిగబట్టేది. ఇప్పుడు పక్కింట్లో మనిషి పోయినా ఫోన్లో దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు.

మా ఆవిడ నాకు తగిలింది అక్కడే. ఏదో ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చింది. పేజీ ఎంతకీ రాకపోతే ఏడుపు మొహం పెట్టింది. "దారిలో ఉందండీ, కంగారు పడకండి," అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. నేను దొరికాను. ఏది నయమో ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది.

ప్రతివాడి జేబులోకీ ఫోన్ వచ్చాక నా పరదాలు ఎవడికి కావాలి? సెంటర్ ఎత్తేసి, ఒక్క కంప్యూటర్ మాత్రం ముందుగదిలో పెట్టుకున్నాను. దాని ముందే కూర్చుని ఆ మధ్యాహ్నం తాపీగా అన్ని గళ్లూ నింపి బటన్ నొక్కాను.

"నొక్కారా?"

"నొక్కాను."

"మరేం కాలేదేం?"

"అవుతుంది, ఆగు."

ఆగాం. పేజీ తెల్లబడలేదు. మళ్లీ నొక్కాను. గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

"ఈ కాలం వాళ్లకి ఒక బటన్ పెట్టడం కూడా చేతకాదు," అన్నాను.

"మీకెప్పుడూ తప్పు ఎదుటివాళ్లదే. పిల్లకి ఫోన్ చెయ్యండి."

మా అమ్మాయి వేరే ఊళ్లో ఇలాంటి పేజీలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి సంగతంతా చెబితే ఒకటే అడిగింది.

"నాన్నా, జావాస్క్రిప్ట్ గానీ ఆపేసి ఉంచావా?"

ఉంచాను. సెంటర్ రోజుల్లో ఏ కంప్యూటర్ తెచ్చినా ముందు చేసే పని అదే. పేజీతో పాటే వచ్చి బ్రౌజర్లో నడిచే ప్రోగ్రాం జావాస్క్రిప్ట్. అది నడిస్తే పేజీ పేజీకీ తోసుకొచ్చే ప్రకటనలు, ఎగిరే బొమ్మలు. ఉన్న ఒక్క లైనూ వాటికే సరిపోయేది. ఆపేస్తే పేజీలు చకచకా దిగేవి. ఇప్పటికీ నా చెయ్యి ముందు అటే పోతుంది. నేను చదువుకునే వార్తలకి దాంతో ఏ అడ్డూ రాలేదు.

"ఇప్పుడు ఆ బటన్ ఉత్త బొమ్మే నాన్నా. నువ్వు నొక్కితే గళ్లలో ఉన్నదంతా పోగుచేసి సర్వర్‌కి పంపేది జావాస్క్రిప్టే. దాని నోరు నొక్కేస్తే ఇంక పంపేదెవరు?"

"మరి పేజీ మారకపోతే వెళ్లిందని ఎలా తెలుస్తుంది?"

"పేజీ కదలదు. వెనకనుంచి పంపి, జవాబొచ్చాక అక్కడే ఒక లైను రాస్తుంది. ముందు దాన్ని ఆన్ చేసి పేజీ మళ్లీ తెరువు. నింపినవన్నీ పోతాయి."

"అన్నీ పోతాయా?" ఆవిడ గడియారం వంక చూసింది. నాలుగున్నర దాటింది.

"మాటలాపి మొదలుపెట్టండమ్మా. నేను లైన్లోనే ఉంటాను."

మళ్లీ మొదటి గడి నుంచి. కంగారులో నా వేళ్లు తడబడుతుంటే ఆవిడ కీబోర్డు తన వైపు లాక్కుంది.

"మీరు కాగితాలు చూసి చదవండి, నేను కొడతాను."

"నీకు టైపింగ్ ఎప్పుడొచ్చింది?"

"మీరు భోజనానికి ఇంటికెళ్తే సెంటర్లో కూర్చుంది ఎవరనుకున్నారు, మీ అమ్మగారా?"

నిజమే. నేను తినొచ్చేసరికి జనం అంతా సర్దుకుని ఉండేవాళ్లు. వాళ్ల పనులు ఎవరు చేశారని ఎన్నడూ అనుకోలేదు. చివరికి అనుభవం అనే గడి వచ్చింది. మొదటిసారి అందులో 'లేదు' అని కొట్టింది నేనే. ఆవిడ నా వైపు చూడకుండా 'ఇంటర్నెట్ సెంటర్ నిర్వహణ' అని కొట్టింది.

బటన్ కూడా ఆవిడే నొక్కింది. నేను పేజీ తెల్లబడటం కోసం చూస్తున్నాను. ఆవిడ బటన్ కింద చూస్తోంది. అక్కడ అగ్గిపుల్లంత ఆకుపచ్చ లైను వచ్చింది. మీ దరఖాస్తు అందింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే నాన్నా. ఇంకేం కావాలి నీకు?"

చెప్పినా దానికి అర్థం కాదు. అందిందని తెలియగానే ఏ గదిలోంచో ఎవరో "హమ్మయ్య" అనేవాళ్లు. మా ఆవిడది వెళ్లిన రోజైతే ఆ చాటింగ్ కుర్రాడు పరదా తీసి మరీ నవ్వాడు.

ఆవిడ ఫోన్ అందుకుని అప్పుడే వంటింట్లోకి నడిచింది.

"ఇంటర్వ్యూలో ఏమడుగుతారే? సెంటర్ గురించి అడిగితే ఎలా చెప్పను?"

ఆ సెంటర్ పెట్టినవాడు ముందుగదిలోనే ఉన్నాడని ఇద్దరికీ తట్టలేదు. పిలుస్తారేమోనని కాసేపు చూశాను. తర్వాత నేనే లేచి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.