ఒక్కసారే పిలిచిన ఆఫీసరు

కొస్మాస్ లాంటి పొరుగువాడు పగవాడిక్కూడా వద్దని ఇసిదోరోస్ దీవిలో కనబడ్డ ప్రతివాడికీ చెబుతాడు.

ఇద్దరి తోటల మధ్య ఉన్న వాలు నేల ఎవరిదో రాసుకోవడానికి మంగళవారం పట్నం నుంచి ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. పిలిస్తే పలికి, కాగితం చూపించినవాడి పేరే పుస్తకంలో ఎక్కుతుంది. జిగురు కారే మస్తీహా చెట్లు ఆ వాలులో నాటింది ఇసిదోరోస్ తాత.

ఆ పొద్దున ఇసిదోరోస్ గడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు తొడుక్కుని, తాత కాగితం ఒళ్ళో పెట్టుకుని తలుపు వెనకే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పదింటికి తలుపు చప్పుడైంది.

"ఇసిదోరోస్ గారూ."

లేవబోయి ఆగాడు.

"పలకవేంటయ్యా?" అంది వంటింట్లోంచి పెళ్ళాం అర్గిరో.

"ఇంకోసారి పిలవనీ."

ఆ దీవిలో పుట్టినవాళ్ళెవరూ తొలి పిలుపుకు పలకరు. సమాధిలోంచి లేచొచ్చే రక్తపిశాచి ఏ గుమ్మం ముందైనా ఒక్కసారే పిలుస్తుంది. పలికామా, లోపలికి రమ్మన్నట్టే. మనిషైతే రెండోసారి పిలుస్తాడు.

"ఇంత ఎండలో పిశాచమేంటి? ఆఫీసరయ్యుంటాడు."

"గొంతు విన్నావా, ఎంత మెత్తగా ఉందో. నెత్తురు తాగేవాడికే అంత మర్యాద."

"నీ ఒంట్లో నెత్తురెక్కడిది, ఉన్నదంతా సారా."

బయట అడుగుల చప్పుడు దూరమైంది. ఇసిదోరోస్ తలుపు తీసేసరికి ఆఫీసరు పక్కింటి ముందు కొస్మాస్ ఇచ్చిన కాగితం చూస్తూ కాఫీ తాగుతున్నాడు. కొస్మాస్ కూడా తొలి పిలుపుకు జన్మలో పలికినవాడు కాదు. అందుకే, పిలిచే పనే లేకుండా పొద్దుటి నుంచీ వీధిలోనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"అయ్యా, నేను ఇంట్లోనే ఉన్నాను. మీరు ఒక్కసారే పిలిచారు."

"ఒక్కసారి చాలని ఈయనే అన్నారు. మీది పాము చెవి, ఇంట్లో ఉంటే పలక్కుండా ఉండరన్నారు."

"అబద్ధమాడానా ఇసిదోరోస్?" అన్నాడు కొస్మాస్. "నీకు వినబడలేదా?"

"ఎందుకు వినబడదు, శుభ్రంగా వినబడింది," అంది వెనకే వచ్చిన అర్గిరో.

ఇసిదోరోస్ కాగితం చాచాడు. ఆఫీసరు దాన్ని ముట్టుకోలేదు.

"ఈయన పేరు రాసేశాను. దిద్దాలంటే కోర్టుకెళ్ళాలి."

కోర్టులో నాలుగేళ్ళు తిరిగాక, పిలుపు విని కూడా పలకలేదన్న మాట మీదే తేలింది. రెండున్నర స్త్రెమ్మాల నేల, అంటే అరెకరం పైచిలుకు, అందులో నలభై మూడు మస్తీహా చెట్లు, కొస్మాస్‌వి.